ముందు వినబడే గొంతు

పోయిన వారం మీరు నన్ను కెమెరా ముందు నిలబెట్టి పత్రిక మూసేశారు. మీ పనులు మీరు హాయిగా చూసుకున్నారు. నేను మాత్రం ఏడు రోజులుగా అక్కడే, ఆ లైట్ల వేడిలో, బస్సు డ్రైవరు ఖాకీ చొక్కా వేసుకుని, ముక్కు మీదికి జారుతున్న కళ్ళజోడుతో నిలబడి ఉన్నాను. ఎదురుగా ముప్ఫై ఏళ్ళయినా నిండని మా సినిమా డైరెక్టరమ్మ. ఆమె అడిగిన ప్రశ్నకి నేనింకా జవాబు చెప్పలేదు.

"సార్, మీరు ఎవర్ని చూస్తున్నారు?"

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను, పాతవాళ్ళు ఓపిక పట్టాలి. నేను నటుణ్ణి. పద్నాలుగేళ్ళు ఒకే టీవీ సీరియల్లో ఒకే డాక్టరు వేషం వేశాను. నా అసలు పేరు మా ఆవిడ కూడా మర్చిపోయి ఉంటుంది, అందరికీ డాక్టర్ గారినే. మందుల షాపులో నిలబడితే పక్కవాళ్ళు చీటీ చూపించి, ఈ మాత్ర తిన్న తర్వాతా, తినకముందా అని అడుగుతారు. షాపు అతన్ని అడగండమ్మా, నేను ఉత్తుత్తి డాక్టర్ని అంటే నవ్వుతారు గానీ నమ్మరు.

నాకు ఇంత పేరు రావడానికి కారణాలు రెండు. ఒకటి నా పాజ్. ఎదుటివాళ్ళు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పను, ఆగుతాను. రెండోది నా చూపు. ఆగినప్పుడు అది ఎదుటివాళ్ళ చెవి పక్కనుంచి ఎక్కడికో దూరంగా పోతుంది. ఆ తర్వాతే మాట. "ఒక్క మాట చెప్పడానికి ఈ డాక్టరు ఎంత బరువు మోస్తాడో" అని ఒక పత్రిక రాస్తే, ఆ ముక్క కత్తిరించి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళు చూడకపోతే నేనే చూపించేవాణ్ణి.

అసలు గుట్టు పోయిన వారమే మీకు చెప్పేశాను. సీరియళ్ళలో డైలాగులు బట్టీపట్టే తీరిక ఎవరికీ ఉండదు. పొద్దున రాసిన కాగితం మధ్యాహ్నానికి షాట్ అయిపోవాలి. అందుకని కెమెరా పక్కన ఒక ప్రాంప్టర్ కూర్చుంటుంది. ఆమె మెల్లగా మాట అందిస్తుంది, మేము గట్టిగా పలుకుతాం. తర్వాత డబ్బింగ్‌లో ఆమె గొంతు తీసేసి మా గొంతు పెడతారు. నా ప్రాంప్టర్‌ని యూనిట్ అంతా పేపరక్క అంటారు, చేతిలో కాగితాలు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. నా పాజ్ అంటే పేపరక్క మాట అందించేదాకా నేను ఎదురుచూసే సమయం. నా దూరపు చూపు అంటే పేపరక్క కూర్చున్న ప్లాస్టిక్ స్టూలు వైపు చూసే చూపు. అంతకుమించి అందులో తత్వం ఏమీ లేదు.

ఇప్పుడు నలభై తొమ్మిదో ఏట మొదటిసారి సినిమాలో ప్రధాన పాత్ర దొరికింది. చూపు మందగించిన సంగతి రెండేళ్ళుగా దాచిపెట్టి బస్సు నడుపుతున్న డ్రైవరు వేషం. నా దూరపు చూపు చూసే తీసుకున్నానని డైరెక్టరమ్మ చెప్పింది. మొదటి రోజు వెళ్ళాక తెలిసింది, ఇక్కడ డబ్బింగ్ లేదని. షూటింగ్‌లో పలికిన మాటే తెరమీద వినిపిస్తుందట. కెమెరా వెనక ఎవరు తుమ్మినా రికార్డయిపోతుంది. ప్రాంప్టింగ్ మాటే ఎత్తకూడదు.

"ఎవర్నీ చూడట్లేదమ్మా," అన్నాను. "డ్రైవరుకి కళ్ళు ఆనవు కదా, అందుకని అలా..."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను కళ్ళజోడు మీదికి నెపం తోస్తుంటే ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. అదే నన్ను భయపెట్టింది.

"సీరియల్లో మీరు దూరంగా చూసేవారు సార్. ఇక్కడ వెతుకుతున్నారు. రెండూ ఒకటి కాదు." ఆమె గడియారం చూసుకుంది. "ఎల్లుండి పొద్దున పదింటికి ఇదే షాట్ పెట్టుకుందాం. అప్పుడూ ఇలాగే ఉంటే మాత్రం నేను ఇంకో దారి చూసుకోవాలి. ఏమీ అనుకోకండి."

ఆ ఇంకో దారి ఎవరో మా కాస్ట్యూమ్స్ టైలరు చొక్కా విప్పిస్తూ చెప్పాడు. నాటకాల్లో నలభై ఏళ్ళ అనుభవం ఉన్న ఒక పెద్దాయనట. నా ఖాకీ చొక్కా లాంటిదే ఇంకోటి ఆయన కొలతలకి కుట్టి ఇస్త్రీ చేసి ఉంచారు.

నేను దిగులుపడే రకం కాదు. ఇంటికి వెళుతూ దారిలోనే ఉపాయం ఆలోచించేశాను. పేపరక్క గొంతు వినిపించకూడదు, అంతే కదా. గొంతు లేకుండా తీసుకొస్తే సరి. సెట్‌లో కిటికీ అవతల నిలబెడతాను. నా వంతు వచ్చినప్పుడు వేలు ఎత్తుతుంది, నేను మొదలుపెడతాను. మాటలు నాకు ఎలాగూ వచ్చు, డ్రైవరు తన కూతురి ముందు నిజం ఒప్పుకునే ఆ సీను మూడు పేజీలూ బట్టీపట్టేశాను. ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియకే తంటా. ఒక్క వేలు చాలు నాకు.

మర్నాడు పొద్దున్నే సీరియల్ షూటింగ్ జరిగే పాత ఫ్లోరుకి వెళ్ళాను.

నేను సీరియల్ వదిలేసి మూడు వారాలైంది. వదలగానే డాక్టరు గారి కారు లోయలో పడింది. ముఖం గుర్తుపట్టలేనట్టు కాలింది. శుక్రవారం కట్లు కట్టారు, సోమవారం విప్పారు, లోపల ఇంకొకతను ఉన్నాడు. కథలో మా అమ్మ, నా భార్య, నర్సుతో సహా ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. పద్నాలుగేళ్ళ మనిషిని మూడు రోజుల్లో మరిచిపోవడం సీరియల్లోనే చెల్లుతుంది.

లోపల నా గది నా గదిలాగే ఉంది. ప్లైవుడ్ గోడలు, తెరిస్తే ఇటుకలు కనిపించే కిటికీ, బల్ల మీద స్టెతస్కోపు. గోడ గడియారం పద్నాలుగేళ్ళుగా పదీ పదికే ఆగి ఉంది. సీనుకీ సీనుకీ టైము మారకుండా మేమే బ్యాటరీ తీసి పెట్టాం. షాట్ నడుస్తోంది. చప్పుడు చేయకుండా లైట్ల స్టాండు వెనక నిలబడ్డాను.

నా కుర్చీలో కొత్త డాక్టరు. ఎదురుగా రోగి భార్య వేషంలో ఒక అమ్మాయి, కొంగు గుప్పెట్లో నలిపేస్తూ అడిగింది. "డాక్టర్ గారూ, ఆయన బతుకుతారా?"

కొత్త డాక్టరు జవాబు చెప్పలేదు. ఆగాడు. ఒకటి. రెండు. మూడు. చూపు ఆ అమ్మాయి చెవి పక్కనుంచి ఎక్కడికో పోయింది. అప్పుడు, నా పాత గొంతు బరువంతా ఎక్కడినుంచి తెచ్చుకున్నాడో గానీ, "నేను ప్రయత్నిస్తానమ్మా. మాట మాత్రం ఇవ్వలేను" అన్నాడు.

లైట్‌మ్యాన్ ఒకతను మెల్లగా కళ్ళు తుడుచుకున్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. దొంగ మనింట్లో దూరి, మన చొక్కా తొడుక్కుని, మన ఎదుటే అటూ ఇటూ తిరుగుతుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. అది నా పాజ్! ఇరవై ఒక్క రోజుల పిల్లకాయకి అది ఎలా వచ్చింది?

అప్పుడు స్టూలు వైపు చూశాను.

పేపరక్క ఎప్పటిలాగే కెమెరా పక్కన కూర్చుని ఉంది. కళ్ళజోడు ముక్కు చివర, ఒళ్ళో కాగితాలు, కాగితం మీద చూపుడు వేలు. అంతా నాకు తెలిసిందే. తెలియనిది ఒకటే, ఆమె కళ్ళు కాగితం మీద లేవు. కొత్త డాక్టరు మీదా లేవు. ఏడుస్తున్న ఆ అమ్మాయి మీద ఉన్నాయి.

లైటు సరిపోలేదని రెండో టేకు తీశారు. ఈసారి ఆ అమ్మాయి ఏడవలేదు, కోపంగా గద్దించినట్టు అడిగింది. పేపరక్క పెదవులు వెంటనే కదిలాయి, కొత్త డాక్టరు వెంటనే పలికాడు. మూడో టేకులో ఆ అమ్మాయి కింది పెదవి వణికింది, గుటక మింగింది, కొంగు వదిలేసింది. కొంగు వదిలేదాకా పేపరక్క మాట అందించలేదు. కొంగు వదిలాక అందించింది.

ఆమె కాగితంలో వరుస వెతుక్కుంటూ ఆలస్యం చేస్తుందని నేను పద్నాలుగేళ్ళు అనుకున్నాను. నా అదృష్టం కొద్దీ ఆ ఆలస్యం గొప్ప నటనలా కనిపిస్తోందని లోలోపల నవ్వుకునేవాణ్ణి కూడా. వరుస మీద ఆమె వేలు మొదటినుంచీ ఉంది. మాట ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. ఆమే ఆపేది.

మధ్యాహ్నం భోజనాలకి ఫ్లోరు ఖాళీ అయింది. పేపరక్క నా గదిలోనే, రోగి కుర్చీలో కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీసింది. నేను వెళ్ళి డాక్టరు కుర్చీలో కూర్చున్నాను. అలవాటు.

"వచ్చావా డాక్టరూ? కూర్చో. తిన్నావా?"

"తినలేదు. నా పాజ్ వాడికి ఇచ్చేశావేంటక్కా?"

ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, మింగి, అప్పుడంది. "అది నీదెప్పుడైంది?"

"అదేం మాట! పద్నాలుగేళ్ళు! జనం నన్ను చూసిందే దానికోసం. పత్రికలో రాశారు. ఫ్రేము కట్టించాను..."

"ఇదిగో, తల్లి పుట్టింటి గొప్పలు మేనమామ దగ్గరా?" అని నవ్వింది పేపరక్క. "మొదటి నెల గుర్తుందా నీకు? ఎవరు ఏమడిగినా టకటకా జవాబు చెప్పేసేవాడివి, కౌంటర్లో టికెట్లు కొట్టినట్టు. నీ వల్ల సీను పాడవుతోందని డైరెక్టరు రోజూ తిట్టేవాడు. ఒకరోజు నేను తుమ్ము ఆపుకుంటూ మాట ఆలస్యంగా అందించాను. నువ్వు దిక్కులు చూస్తూ ఆగావు. డైరెక్టరు భేష్ అని నీ భుజం తట్టాడు. ఓహో, ఈ మనిషికి మాట ఇవ్వకపోతే బాగా నటిస్తాడన్నమాట అనుకున్నాను. ఇక అప్పట్నుంచీ ఇవ్వాల్సినప్పుడే ఇచ్చాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆలోచిస్తావు. నువ్వు ఆలోచిస్తే మొహంలో తెలిసిపోతుంది డాక్టరూ."

కోపం వచ్చిందని రాస్తే మర్యాదగా ఉంటుంది గానీ, నిజానికి నాకు ఏడుపొచ్చింది. ఆ ఫ్రేము, డాక్టరు వేషానికి నాకొచ్చిన అవార్డు, మందుల షాపులో దణ్ణాలు పెట్టే చేతులు, అన్నీ ఒకేసారి కళ్ళముందు తిరిగాయి. పద్నాలుగేళ్ళలో అందులో నా సొంతం ఏముంది? మేకప్పా?

అయినా వచ్చిన పని మరిచిపోయే మనిషిని కాను నేను. కళ్ళు తుడుచుకుని, రేపటి షాటు సంగతి, ఖాకీ చొక్కా రెండో కాపీ సంగతి, కిటికీ అవతల వేలు సంగతి అన్నీ చెప్పాను. "ఒక్క గంట వస్తే చాలక్కా. మాట అక్కర్లేదు. వేలు ఎత్తు, చాలు."

"రాను."

"అక్కా!"

"వస్తే నా వేలు చూస్తావు. ఎదుటి పిల్లని చూడవు. ఆ డైరెక్టరు పిల్లకి అది తెలిసిపోయింది కాబట్టే నిన్ను అడిగింది." డబ్బా మూత పెట్టేసింది. సగం కూడా తినలేదు. "ఇంకో సంగతి కూడా ఉందిలే. పద్నాలుగేళ్ళలో నువ్వు పలికిన ప్రతి మాటా నేను ముందు పలికిందే. జనం విన్నది రెండోసారి. నువ్వు అవార్డు తీసుకున్న రోజు నేను ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాను. డైరెక్టరుకి చెప్పావు, కెమెరా ఆయనకి చెప్పావు, మేకప్‌మ్యాన్‌కీ, కారు డ్రైవరుకీ చెప్పావు, చివరికి మీ కుక్కకి కూడా థాంక్స్ చెప్పావు. మా ఆయన అడిగాడు, నీ పేరు ఇంకా రాలేదేంటే అని. వస్తుందిలే, పాజ్ ఇస్తున్నాడు అన్నాను."

ఇదంతా నవ్వుతూనే చెప్పింది. నిష్ఠూరంగా చెప్పి ఉంటే నేను ఏదో ఒకటి సమాధానం చెప్పుకునేవాణ్ణి.

"చెబితే నన్నేమనుకుంటారో అని..." అని నీళ్ళు నమిలాను.

"తెలుసులే. ఆ కాగితాలు ఇటివ్వు."

నా చేతిలోని మూడు పేజీలూ లాక్కుని ఒక్కసారి చదివింది. ఒక్కసారే. తర్వాత వాటిని మడిచి, తన కుర్చీలో వేసుకుని, వాటి మీద కూర్చుంది. "నేను నీ కూతుర్ని. చెప్పు."

"అక్కా, కాగితం..."

"మాటలు వచ్చన్నావుగా. మాటలు రావడం గొప్ప కాదు, అవి ఎప్పుడు రావాలో తెలియాలి. నాన్నా, ఎదురుగా ఆ బోర్డు మీద ఏం రాసుందో చదువు."

నేను జవాబు చెప్పబోయి, అలవాటుకొద్దీ ఆమె ఒళ్ళోకి చూశాను. కాగితం లేదు. కెమెరా పక్కన స్టూలు వైపు చూశాను.

"అక్కడ ఎవరూ లేరు," అంది పేపరక్క. "నేనిక్కడున్నాను. ఇటు చూడు."

చూశాను. మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆమె మొహాన్ని నేను సరిగ్గా చూడటం అదే మొదటిసారి. ఆమె గొంతు నిద్రలో వినిపించినా పోల్చుకుంటాను. కానీ కుడి కన్ను కింద చిన్న మచ్చ ఉందని, కళ్ళు లేత గోధుమరంగులో ఉంటాయని నాకు తెలియదు.

"నాన్నా," అందామె మళ్ళీ. ఈసారి అది పేపరక్క గొంతు కాదు. ఇరవై ఏళ్ళ కూతురి గొంతు. తండ్రి మీద బోలెడంత ప్రేమ, దానికి రెట్టింపు అనుమానం. "ఆ బోర్డు మీద ఏం రాసుందో చదువు."

ఆ కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి, చదివెయ్యి నాన్నా, నా అనుమానం తప్పని చెప్పెయ్యి అని. ఇంకాసేపట్లో ఆశ వదిలేసుకుంటాయని కూడా తెలుస్తోంది. వదిలేసుకున్నాయి. రెప్ప వాలింది. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"రెండేళ్ళయింది తల్లీ, నాకు అక్షరాలు కనపడి."

ఎంతసేపు ఆగానో నాకు తెలియదు. లెక్కపెట్టలేదు.

పేపరక్క లేచి, కుర్చీలోంచి కాగితాలు తీసి, చేత్తో ముడతలు సాపుచేసి నాకిచ్చింది. "అంతే. రేపు కూడా ఇంతే. ఎదుటివాళ్ళు మాట అందిస్తారు, చూసేవాడికి."

"అక్కా, ఇంత బాగా చేస్తావు, నువ్వెందుకు వేషాలు వెయ్యలేదు?"

ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటోంది. "బాగానే ఉంది. మీ అందరికీ నేను అందిస్తాను. నాకెవరు అందిస్తారు?" అని నవ్వేసి, "షాట్ టైమైంది, లే, ఆ కుర్చీ నీది కాదిప్పుడు" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడ ఎదురుగా కూర్చుని ఆమె మొహంలోకే చూస్తూ మాట్లాడాను. ఐదు నిమిషాలు ఓర్చుకుంది. "ఏం తప్పు చేసొచ్చారో ముందు అది చెప్పండి," అంది. నిజం చెప్పాలంటే చాలా పెద్ద తప్పే, కానీ ఆమెకి చేసింది కాదు. హాల్లో ఫ్రేము దించి గోడ వైపు తిప్పి పెట్టాను.

మర్నాడు పదింటికి సెట్‌లో ఫ్యాన్లు ఆపేశారు. సౌండ్ రికార్డింగ్ చూసే అతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని చెయ్యెత్తాడు. నలభై మంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. తలుపు దగ్గర ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నారు, హుందాగా, చేతికర్రతో. రెండో ఖాకీ చొక్కా ఆయన ఒళ్ళో ఉంది. ఆయనకి నమస్కారం పెట్టాను. పాపం, ఇస్త్రీ నలగకుండా తిరిగి తీసుకెళ్ళాలి కదా అనుకున్నాను. నా ధైర్యం నాకు తిరిగొచ్చేసింది.

కూతురి వేషం వేస్తున్న పిల్లకి ఇది రెండో సినిమా. "నాన్నా, ఆ బోర్డు మీద ఏం రాసుందో చదువు" అంది. నేను ఆమెను చూశాను. ఆమె బెదిరిపోయింది. మొన్నటిదాకా తన చెవితో మాట్లాడిన మనిషి ఈరోజు తన కళ్ళలోకి చూస్తున్నాడు మరి. తర్వాత తను అనాల్సిన మాట మర్చిపోయింది. నాకు తెలుస్తోంది, పాపం నాలుక చివర దాకా వచ్చి ఆగిపోయింది. మర్చిపోయిన మనిషి ఏం చేస్తుంది? చెయ్యి చాచి నా కళ్ళజోడు తీసి, తన చున్నీతో అద్దాలు తుడిచి మళ్ళీ పెట్టింది. కాగితంలో లేదది. ఇప్పుడైనా కనిపిస్తుందేమో చూడు నాన్నా అన్నట్టు నన్ను చూసింది. నేను ఆ తుడిచిన అద్దాల్లోంచి ఆమె మొహం చూస్తూ ఉండిపోయాను. ఆమె రెప్ప వాలేదాకా.

"రెండేళ్ళయింది తల్లీ..."

మూడు పేజీలూ ఒక్క టేకులో అయిపోయాయి. కట్ అనాల్సిన మనిషి చాలాసేపు అనలేదు. అన్నాక కూడా ఎవరూ ఫ్యాన్లు వెయ్యలేదు. తలుపు దగ్గర పెద్దాయన లేచి, ఖాకీ చొక్కా కుర్చీ మీద పెట్టి, నా వైపు చూసి రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయారు. ఫ్రేము కట్టించుకోవాల్సింది ఏదైనా ఉంటే అది.

డైరెక్టరమ్మ దగ్గరకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది. "ఈరోజు మీరు ఎవర్నీ వెతకలేదు సార్."

"అక్కర్లేకపోయిందమ్మా," అన్నాను ఛాతీ విరుచుకుని.

"అయితే ఇది వినండి ఒకసారి." తన హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టి, మీట నొక్కింది.

ముందు ఒక గరగర. తర్వాత ఒక ఆడగొంతు, మెల్లగా, స్పష్టంగా. "నేను ప్రయత్నిస్తానమ్మా. మాట మాత్రం ఇవ్వలేను." ఆ వెంటనే నా గొంతు, గట్టిగా. "నేను ప్రయత్నిస్తానమ్మా. మాట మాత్రం ఇవ్వలేను."

డబ్బింగ్‌కి ముందు, షూటింగ్‌లో రికార్డయిన సౌండది.

"మీ సీరియల్ ఎడిటర్ నా స్నేహితురాలే," అంది డైరెక్టరమ్మ. "మిమ్మల్ని తీసుకునే ముందే తెప్పించుకుని విన్నాను. పాతిక ఎపిసోడ్లు. మీ చూపు నాకు నచ్చింది, అబద్ధం కాదు. కానీ ఒకటి మాత్రం అర్థం కాలేదు సార్. ఈమె ఇంత బాగా చెప్పేశాక, మళ్ళీ మీరెందుకు చెబుతున్నారా అని."

సౌండ్ అతను చెవులు రిక్కించాడు. మేకప్‌మ్యాన్ నా మొహం మీది పఫ్ అలాగే ఉంచేశాడు. కూతురి వేషం పిల్ల నా వైపే చూస్తోంది.

"ఈ కథలో డ్రైవరు భార్య ఉంది కదా," అంది డైరెక్టరమ్మ. "సగం సినిమా వంటింట్లోంచే మాట్లాడుతుంది, మనిషి కనిపించకముందే గొంతు వినిపిస్తుంది. నలుగురిని చూశాను, ఎవరూ కుదర్లేదు. సోమవారం నుంచి ఆ సీన్లు ఉన్నాయి. ఈ గొంతు ఎవరిది సార్?"

తప్పించుకోవడానికి దారులున్నాయి. ఎవరో అసిస్టెంటు అనొచ్చు, చాలామంది మారారు గుర్తులేదనొచ్చు. నలభై మంది ముందు నా పద్నాలుగేళ్ళ పేరు నా చేతులతోనే విప్పి పెట్టాలి, సాయంత్రానికి ఊరంతా పాకిపోతుంది. ఇలాంటి ప్రశ్నకి పాత డాక్టరు గారైతే ఎంతసేపు ఆగేవాడో.

నేను ఆగలేదు.

"పేపరక్క అంటారమ్మా ఆవిడని. నా ప్రాంప్టర్. జనం మెచ్చుకున్న నా పాజ్ ఆవిడది. దూరపు చూపు అంటారే, అది ఆవిడ వైపు చూసిన చూపు. ఈరోజు షాటు కూడా నిన్న మధ్యాహ్నం ఆవిడ నేర్పిందే. అవార్డు రోజు చెప్పాల్సిన మాట ఇది, ఇప్పటికి చెబుతున్నాను."

ఎవరూ నవ్వలేదు. మేకప్‌మ్యాన్ పఫ్ కదిలించి, మెల్లగా నా చెంప తుడిచాడు. అక్కడ తడి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఫోను తీసి, స్పీకరు పెట్టి, నంబరు నొక్కాను. నాలుగు రింగుల తర్వాత ఎత్తింది. వెనకాల పాత ఫ్లోరు సందడి.

"చెప్పు డాక్టరూ! ఎలా వచ్చింది?"

"వచ్చిందక్కా. బాగా వచ్చింది. మా డైరెక్టరమ్మ నిన్నొక మాట అడగాలంటోంది."

డైరెక్టరమ్మ ఫోను దగ్గరికి వంగింది. "నమస్తే అమ్మా. మీ గొంతు చాలా రోజులుగా వింటున్నాను. మా సినిమాలో ఈయన భార్యగా నటిస్తారా?"

అటువైపునుంచి మాట లేదు. ఒకటి. రెండు. మూడు. అక్కడ ఎవరో "పేపరక్కా, షాట్ రెడీ, రండి!" అని కేకేస్తున్నారు. నాలుగు. ఐదు. ఒప్పుకో అక్కా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆమెకి అందించేవాళ్ళు ఎవరూ లేరు, నేనున్నాను, ఒక్క మాట అందిస్తే సరిపోతుంది. అయినా పళ్ళు బిగించి నిలబడ్డాను. ఆమె నాకు పద్నాలుగేళ్ళు చేసిన సాయం అదే కదా.

ఆరు. ఏడు. కాగితాల కట్ట ఎక్కడో పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత ఒక పొడుగాటి ఊపిరి. ఇంకెవరూ రాసిపెట్టని మాట కోసం, మొట్టమొదటిసారి, పేపరక్క నోరు విప్పింది.